మెదడు ఎదుగుదలలో రోగనిరోధక సంకేతాల పాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

జ్వరం, వాపు, ఇన్ఫెక్షన్ అనగానే గుర్తొచ్చే అణువులే బిడ్డ మెదడు కట్టడంలోనూ పాలుపంచుకుంటాయని తెలిసి పాతికేళ్లు దాటింది. కానీ ఈ విషయం జనంలోకి సగమే వెళ్లింది. అదీ "కడుపుతో ఉన్నప్పుడు జ్వరం వస్తే బిడ్డ మెదడు దెబ్బతింటుందట" అనే భయంగా వెళ్లింది. మిగతా సగం ఇంకా పెద్దది, ఇంకా అందమైనది. అది తెలిస్తే ఈ భయం కూడా ఉండాల్సినంతలోనే ఉంటుంది. అందుకే మెదడు ఎలా తయారవుతుందో చెప్పే ప్రశ్నలను ముందు పెట్టి, కాబోయే తల్లులు అడిగే ప్రశ్నలను తర్వాత పెట్టాను.

రోగనిరోధక సంకేత అణువులు అంటే ఏమిటి?

ఒక కణం ఇంకో కణానికి కబురు పంపాలంటే ఏదో ఒక పదార్థాన్ని విడుదల చేయాలి, లేదా తన పైపొర మీద నిలబెట్టి చూపాలి. రోగనిరోధక కణాలు ఇందుకు వాడుకునే ప్రోటీన్లలో ముఖ్యమైనవి సైటోకైన్లు. ఇంటర్‌ల్యూకిన్లు, ఇంటర్‌ఫెరాన్లు, టీఎన్ఎఫ్ ఆ కోవలోవే. కణాలను ఫలానా చోటికి రమ్మని పిలిచే సైటోకైన్లను కీమోకైన్లు అంటారు. కాంప్లిమెంట్ ప్రోటీన్లు ఇంకో గుంపు. అవి రక్తంలో తిరుగుతూ, బాక్టీరియాకు అంటుకుని, మింగాల్సింది ఇదేనని గుర్తు పెడతాయి. ఎంహెచ్‌సీ అణువులు కణం లోపల ఏ ప్రోటీన్లు తయారవుతున్నాయో బయటికి చూపిస్తాయి. వాటిని చూసే టీ కణాలు వైరస్ సోకిన కణాన్ని పోల్చుకుంటాయి.

పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ఏ అణువునైనా మొదట ఎక్కడ చూశారో దాన్ని బట్టే పేరు పెట్టారని తెలిస్తే చాలు. టీఎన్ఎఫ్ అన్న పేరుకు కణితిని చంపేదని అర్థం. ఎదిగే మెదడులో అది చేసే పనికీ కణితులకూ ఏ సంబంధమూ లేదు.

మెదడు జోలికి రోగనిరోధక వ్యవస్థ వెళ్లదని చదువుకున్నాం కదా?

చాలాకాలం అలాగే నేర్పారు. 1948లో పీటర్ మెడవార్ కుందేళ్ల మెదడులో పరాయి చర్మపు ముక్కలు పెట్టి చూశాడు. ఒళ్లంతా వెంటనే తిరస్కరించే ఆ చర్మాన్ని మెదడు తిరస్కరించలేదు. రక్తం నుంచి ఏదిపడితే అది మెదడులోకి పోకుండా రక్తనాళాల గోడలు అడ్డుకుంటాయన్నది కూడా నిజమే. ఈ రెండూ కలిసి మెదడుకు తలుపులన్నీ మూసి ఉన్నాయన్న నమ్మకంగా మారాయి.

ఆ నమ్మకంలో రెండు లోపాలున్నాయి. తలుపులు మరీ అంత గట్టిగా మూసిలేవు. మెదడు పైపొరల్లో లింఫు నాళాలు ఉన్నాయని 2015లో రెండు బృందాలు విడివిడిగా చిట్టెలుకల్లో చూపించాయి. రెండోది అంతకంటే ముఖ్యం. రోగనిరోధక అణువులు బయటి నుంచి రావాల్సిన అవసరమే లేదు. మెదడులోని కణాలే వాటిని తయారుచేసుకుంటాయి.

మెదడులో సొంత రోగనిరోధక కణాలు ఉన్నాయా?

ఉన్నాయి. వాటిని మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పీయో దెల్ రీయో ఓర్తెగా వీటిని గుర్తించి పేరు పెట్టాడు. ఇవి ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్న తర్వాత తొంభై ఏళ్లపాటు తేలలేదు. 2010లో చిట్టెలుకల మీద చేసిన పరిశోధనతో జవాబు దొరికింది. మైక్రోగ్లియా మూలాలు మెదడులోనూ లేవు, ఎముక మజ్జలోనూ లేవు. పిండానికి ఆనుకుని ఉండే పచ్చసొన సంచిలో పుట్టిన కణాలు రక్తంతో పాటు మెదడుకు చేరతాయి. మనుషుల్లో ఇది గర్భం మొదటి నెలల్లోనే జరుగుతుంది.

నాకు ఈ విషయంలో ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఆ సమయమే. మెదడులో నాడీకణాల మధ్య వలలు అల్లుకోకముందే, పిండానికి పోరాడాల్సిన శత్రువు ఎవరూ లేకముందే, ఈ కణాలు అక్కడ ఉంటాయి. యుద్ధం కోసమే వస్తే అంత తొందరగా రావాల్సిన పనిలేదు.

మైక్రోగ్లియా బతకడానికి సీఎస్ఎఫ్1ఆర్ అనే గ్రాహకం, అంటే కణం మీద ఉండి కబురు అందుకునే అణువు, కావాలి. దాని జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న పిల్లలు చాలా అరుదుగా పుడతారు. అలాంటి పిల్లల్లో కొందరికి మైక్రోగ్లియా దాదాపు లేవు. కుడి ఎడమ అర్ధగోళాలను కలిపే నాడుల వంతెన కూడా సరిగా ఏర్పడలేదు.

నాడీకణాలు తమ చోటికి చేరుకోవడంలో వీటి పాత్ర ఏమిటి?

నాడీకణాలు చాలావరకు పుట్టిన చోట ఉండవు. చాలా దూరం ప్రయాణించి తమ పొరకు చేరతాయి. ఆ దారి చూపించే వాటిలో సీఎక్స్‌సీఎల్12 అనే కీమోకైన్ ఒకటి. ఎముక మజ్జలో రక్త మూలకణాలను పట్టి ఉంచేది కూడా ఇదే. దాని గ్రాహకం సీఎక్స్‌సీఆర్4. ఎయిడ్స్ వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే తలుపుల్లో ఒకటిగా వైద్యులకు అది తెలుసు. 1998లో ఈ గ్రాహకం లేని చిట్టెలుకల్లో చిన్నమెదడు అస్తవ్యస్తంగా తయారవడం చూశారు. బయటి పొరలో ఉండి సంఖ్య పెంచుకోవాల్సిన కణాలు వేళ కాకముందే లోపలికి వెళ్లిపోయాయి. అంటే ఈ కీమోకైన్ పిలవడమే కాదు, వేళయ్యేదాకా ఆపి ఉంచుతుంది కూడా.

ఐఎల్-6 చెడ్డది కదా, మెదడుకు దానితో పనేముంది?

ఇంటర్‌ల్యూకిన్-6 కుటుంబంలో చాలా అణువులున్నాయి. ఎదిగే మెదడు మొదట నాడీకణాలను తయారుచేస్తుంది, తర్వాత ఆస్ట్రోసైట్లను తయారుచేస్తుంది. ఆస్ట్రోసైట్లంటే నాడీకణాలను పోషించి ఆదుకునే నక్షత్రాకారపు కణాలు. ఈ మలుపు తిప్పే కబుర్లలో ఈ కుటుంబానికి చెందిన కార్డియోట్రోఫిన్-1 ఒకటి. కొత్తగా పుట్టిన నాడీకణాలే దాన్ని విడుదల చేసి, "మా సంఖ్య సరిపోయింది, ఇక తోడు కణాలను చేయండి" అని మూలకణాలకు చెబుతాయి. ఈ కుటుంబమంతా కణం లోపలికి కబురు పంపేది జీపీ130 అనే ఒకే ద్వారం గుండా. అందుకే వేరే చోట, వేరే వేళలో ఐఎల్-6 ఎక్కువైతే మెదడు కణాలు దాన్ని పట్టించుకోకుండా ఉండలేవు. ఆ భాష వాటికి ముందే తెలుసు.

మెదడు సినాప్స్‌లను తొలగిస్తుందని విన్నాను. కట్టినదాన్ని కూల్చడం ఎందుకు?

రెండు నాడీకణాలు కలిసే చోటే సినాప్స్. బిడ్డ మెదడు అవసరానికి మించి వీటిని వేసుకుంటుంది. తర్వాత వాడుకలో ఉన్నవి బలపడతాయి, మిగిలినవి తీసేయబడతాయి. ఏ కణం దేనితో కలవాలో జన్యువులు ముందుగానే ఒక్కొక్కటిగా రాసిపెట్టలేవు. అందుకని ఎక్కువగా నాటి, అనుభవాన్ని బట్టి కలుపు తీసే పద్ధతిని మెదడు ఎంచుకుంది.

ఆ కలుపు తీసేదెవరో తెలిసిన తీరు వివరంగా చెప్పుకోదగ్గది. కార్లా షాట్జ్ పరిశోధనశాలలో పిల్లుల గర్భంలో ఉన్న పిండాల మీద పనిచేస్తూ, నాడుల చురుకుదనాన్ని ఆపేస్తే ఏ జన్యువులు మారతాయని వెతికారు. 1998లో దొరికిన జవాబు ఎంహెచ్‌సీ మొదటి తరగతి అణువులు. ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలు వాటిని తయారుచేయవనే అప్పటిదాకా అందరూ అనుకునేవారు. 2000లో ఈ అణువులు సరిగా లేని చిట్టెలుకలను పరిశీలించారు. రెండు కళ్ల నుంచి వచ్చే నాడులు మెదడులో విడివిడి స్థలాలకు సర్దుకోవాలి. ఆ చిట్టెలుకల్లో అవి పూర్తిగా సర్దుకోలేదు.

2007లో బెత్ స్టీవెన్స్, బెన్ బారెస్ బృందం కాంప్లిమెంట్ ప్రోటీన్లను పట్టుకుంది. తీసేయాల్సిన సినాప్స్‌ల మీద సి1క్యూ, సి3 చేరుతున్నాయి. ఇవి లేని చిట్టెలుకల్లో అదనపు సినాప్స్‌లు అలాగే మిగిలిపోయాయి. బాక్టీరియాకు పెట్టే గుర్తునే మెదడు తన సొంత కొమ్మలకు పెడుతోందన్నమాట. 2012లో మిగతా కథ తెలిసింది. ఆ గుర్తును చదివి మింగేది మైక్రోగ్లియా. పుట్టిన ఐదో రోజు చిట్టెలుకల మెదడులో, మైక్రోగ్లియా కడుపులో సినాప్స్ ముక్కలు కళ్లకు కనబడ్డాయి.

ఏ సినాప్స్ పోవాలో, ఏది ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు?

ఒకరు కాదు. సినాప్స్ ఎంత చురుగ్గా ఉందన్నది అన్నిటికంటే పెద్ద కారణం. నిద్రాణంగా ఉన్నవే ఎక్కువగా మింగుడు పడతాయి. సీడీ47 అనే అణువు "నన్ను తినొద్దు" అని అడ్డుపడుతుంది, చురుకైన సినాప్స్‌ల దగ్గర అది ఎక్కువ. నాడీకణాలు ఫ్రాక్టల్‌కైన్ అనే కీమోకైన్‌తో మైక్రోగ్లియాను పిలుస్తాయి. ఆ పిలుపు అందని చిట్టెలుకల్లో కొంతకాలం సినాప్స్‌లు ఎక్కువై, పచ్చిగానే ఉండిపోయాయని 2011లో చూపించారు. ఆస్ట్రోసైట్లు కూడా ఊరుకోవు. వాటి నుంచి వచ్చే ఐఎల్-33 మైక్రోగ్లియా ఆకలిని పెంచుతుంది.

టీఎన్ఎఫ్ చేసే పని ఏమిటి?

నాడీకణానికి చాలాసేపు కబుర్లు అందకపోతే అది తన వినికిడి పెంచుకుంటుంది. రేడియో సన్నగా వినిపిస్తే మనం వాల్యూమ్ పెంచినట్టు. ఆ వాల్యూమ్ పెంచేది గ్లియా కణాల (నాడీకణాలకు తోడుండే ఆస్ట్రోసైట్ల లాంటి కణాల) నుంచి వచ్చే టీఎన్ఎఫ్ అని 2006లో తేలింది. పసి చిట్టెలుకకు ఒక కన్ను మూసేస్తే మెదడు ఆ కంటి వాటాను తగ్గించి, తెరిచి ఉన్న కంటి వాటాను పెంచుతుంది. టీఎన్ఎఫ్ లేని చిట్టెలుకల్లో మొదటి భాగం మామూలుగానే జరిగింది, రెండోది జరగలేదు.

ఆడ, మగ మెదడుల తేడాలోనూ ఇవి ఉన్నాయా?

ఎలుకల్లో అయితే స్పష్టంగా ఉన్నాయి. ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనేది జ్వరాన్ని, నొప్పిని కలిగించే పదార్థం. పుట్టిన కొత్తలో మగ ఎలుక పిల్లల మెదడులో హార్మోన్ల ప్రభావంతో ఇది పెరుగుతుంది. హైపోథాలమస్ దగ్గరి ఒక భాగంలో నాడీకణాల కొమ్మల మీద సినాప్స్‌లు ఏర్పడే ముళ్లలాంటి బొడిపెలు ఎక్కువవుతాయి, మగ ప్రవర్తనకు పునాది పడుతుంది. 2004లో మార్గరెట్ మెకార్తీ బృందం ఆడ ఎలుక పిల్లలకు ఈ పదార్థాన్ని ఇస్తే అవి పెద్దయ్యాక మగవాటిలా ప్రవర్తించాయి. ఇందులో మైక్రోగ్లియాకు కూడా భాగం ఉందని తర్వాత చూపించారు.

గర్భంతో ఉన్నప్పుడు నాకు జ్వరం వచ్చింది. నా బిడ్డకు ఏమైనా అవుతుందా?

ఏమీ కాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ. గర్భిణుల్లో ఎంతోమందికి ఆ తొమ్మిది నెలల్లో జలుబో జ్వరమో వస్తుంది, వాళ్ల పిల్లల్లో అత్యధికులు మామూలుగానే ఎదుగుతారు. ఈ ప్రశ్న అడిగేవాళ్ల గొంతులో నాకు వినిపించేది సందేహం కంటే అపరాధ భావమే ఎక్కువ. ఆ భారం మోయాల్సిన అవసరం లేదు. జ్వరం ఎవరూ కావాలని తెచ్చుకోరు.

జనాభా లెక్కల్లో కనబడేది ఏమిటంటే, ఆస్పత్రిలో చేరేంత తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చిన తల్లుల పిల్లల్లో ఆటిజం, స్కిజోఫ్రీనియా లాంటివి కాస్త ఎక్కువగా ఉన్నాయి. గుంపుల మధ్య చిన్న తేడా అది. దాన్ని పట్టుకుని ఒక్క బిడ్డ గురించి ఏమీ చెప్పలేం. జన్యువులు, పోషణ, నెలలు నిండకుండా పుట్టడం లాంటివి కూడా ఆ లెక్కల్లో కలిసే ఉంటాయి.

చేయాల్సింది మాత్రం ఒకటుంది. జ్వరాన్ని అలా వదిలేయకండి, వెంటనే డాక్టరుతో మాట్లాడండి. మొదటి వారాల్లో ఒంటి వేడి బాగా పెరిగితే అదే పిండానికి మంచిది కాదు. మందు ఏది, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. ముఖ్యంగా ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు గర్భం ఇరవై వారాలు దాటాక సొంతంగా వేసుకోకూడదు.

తల్లి ఒంట్లో పెరిగిన సైటోకైన్లు బిడ్డ మెదడును ఎలా మారుస్తాయి?

చిట్టెలుకల్లో దీన్ని బాగా పరీక్షించారు. అసలు వైరస్ లేకుండా, వైరస్ వచ్చిందని శరీరాన్ని నమ్మించే పాలీ ఐసీ అనే పదార్థాన్ని తల్లికి ఇస్తారు. పిల్లలు పెద్దయ్యాక వాటి ప్రవర్తనలో తేడాలు కనబడతాయి. వైరస్సే లేదు కాబట్టి కారణం తల్లి స్పందనే అయివుండాలి. 2007లో పాల్ ప్యాటర్సన్ బృందం తల్లికి ఐఎల్-6 ఒక్కసారి ఇస్తేనే అలాంటి తేడాలు వచ్చాయని, పాలీ ఐసీతో పాటు ఐఎల్-6ను అడ్డుకునే ప్రతిరక్షకం ఇస్తే రాలేదని చూపింది. 2016లో గ్లోరియా చోయ్, జున్ హు బృందం ఐఎల్-17ఏ మీదికి దృష్టి మళ్లించింది. తల్లి టీ కణాల నుంచి వచ్చే ఈ సైటోకైన్‌ను ఆపితే పిల్లల మెదడు పొరల్లో అస్తవ్యస్తత రాలేదు. మరుసటి ఏడు ఇంకో మెలిక బయటపడింది. తల్లి పేగుల్లో ఒక రకం బాక్టీరియా లేకపోతే ఈ ప్రభావమే లేదు.

ఒకే ప్రయోగశాలలో, ఒకే జాతి చిట్టెలుకల్లో కూడా పేగు బాక్టీరియాను బట్టి ఫలితం మారుతోందంటే, మనుషుల్లో "ఇన్ఫెక్షన్ వస్తే ఇలా అవుతుంది" అని గీత గీసి చెప్పడం ఎంత తొందరపాటో ఆలోచించండి.

రుబెల్లా, జికా కూడా ఇలాగే పనిచేస్తాయా?

వాటిది వేరే దారి. 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ గర్భిణికి రుబెల్లా వస్తే పుట్టే బిడ్డలకు కంటిలో శుక్లాలు వస్తున్నాయని గుర్తించాడు. జికా వల్ల 2015-16లో బ్రెజిల్‌లో చాలామంది పిల్లలు చిన్న తలతో పుట్టారు. ఈ వైరస్‌లు మాయను దాటి పిండానికే సోకుతాయి, జికా అయితే నాడీ మూలకణాలను చంపుతుంది. మామూలు ఫ్లూలో వైరస్ సాధారణంగా తల్లి ఊపిరితిత్తుల దగ్గరే ఉంటుంది. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలా టెన్షన్ పుడుతోంది.

అసలు ఏ వైరస్సూ లేకుండానే అలాంటి జబ్బు రావచ్చు. 1984లో ఫ్రాన్స్‌లో ఐకార్డీ, గుతియేర్ అనే ఇద్దరు వైద్యులు వర్ణించిన జబ్బులో, జన్యు లోపం వల్ల ఇంటర్‌ఫెరాన్ ఆగకుండా తయారవుతూనే ఉంటుంది. బిడ్డ మెదడును స్కాన్ చేస్తే గర్భంలో వైరస్ సోకినట్టే కనిపిస్తుంది.

టీకా కూడా రోగనిరోధక స్పందన తెప్పిస్తుంది కదా? గర్భిణి వేయించుకోవచ్చా?

జీవం లేని ఫ్లూ టీకాను గర్భిణులకు వైద్యులే సిఫారసు చేస్తారు. టీకా తెచ్చే స్పందన చిన్నది, కొద్ది రోజులదే. అది అడ్డుకునే జబ్బు తెచ్చే స్పందన ఎన్నో రెట్లు పెద్దది. రుబెల్లా టీకా సజీవ వైరస్‌తో చేసింది కాబట్టి గర్భంలో ఇవ్వరు. దాన్ని గర్భానికి కనీసం నెల ముందే వేయించుకోవాలి. పిల్లల టీకాల వల్ల ఆటిజం రాదు. లక్షల మంది పిల్లలను పరిశీలించిన అధ్యయనాలు ఈ మాట మళ్లీ మళ్లీ తేల్చాయి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి?

ఇక్కడ శ్రద్ధ ఎక్కువ అవసరం. ఉమ్మనీటి పొరల్లో ఇన్ఫెక్షన్ వస్తే కాన్పు ముందే రావచ్చు, బిడ్డలోనూ సైటోకైన్లు పెరగవచ్చు. సుమారు 23 నుంచి 32 వారాల మధ్య, నాడుల మీద తొడుగు వేయాల్సిన కణాలు ఇంకా లేతగా ఉంటాయి. వాపు, ఆక్సిజన్ కొరత కలిస్తే అవి తేలిగ్గా దెబ్బతింటాయి. కదలికలను దెబ్బతీసే సెరిబ్రల్ పాల్సీకి ఇదొక దారి. ముందే కాన్పు వచ్చే సూచనలున్న తల్లికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే ఆ ముప్పు తగ్గుతుంది. కాబట్టి ఉమ్మనీరు ముందే పోయినా, జ్వరంతో కడుపునొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

పుట్టాక వచ్చే ఇన్ఫెక్షన్ల ప్రభావం ఎంతకాలం ఉంటుంది?

స్టాసీ బిల్బో ఎలుకల్లో చేసిన ప్రయోగాలు ఆలోచింపజేస్తాయి. పుట్టిన నాలుగో రోజు ఈ. కోలై బాక్టీరియా సోకిన ఎలుక పిల్లలు పెద్దయ్యాక మామూలుగానే నేర్చుకున్నాయి. అయితే నేర్చుకునే సమయంలో మళ్లీ రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడితే వాటి జ్ఞాపకం మాత్రం దెబ్బతింది. మైక్రోగ్లియా చాలాకాలం బతుకుతాయి. మొదటి దెబ్బను అవి మరిచిపోలేదు, రెండోసారి ఐఎల్-1 బీటా అనే సైటోకైన్‌ను అతిగా తయారుచేశాయి.

స్కిజోఫ్రీనియాకూ సినాప్స్ కత్తిరింపుకూ సంబంధం ఉందా?

ఉందనడానికి గట్టి ఆధారం 2016లో వచ్చింది. దాదాపు 29 వేల మంది రోగుల, 36 వేల మంది ఇతరుల జన్యు సమాచారాన్ని స్టీవ్ మెకారొల్ బృందం పోల్చింది. కాంప్లిమెంట్ జన్యువైన సి4లో, సి4ఏ రకాన్ని ఎక్కువ తయారుచేసే రూపాలు ఉన్నవారికి ముప్పు కొంచెం ఎక్కువ. కౌమారంలో కత్తిరింపు మితిమీరుతుందేమోనన్న పాత ఊహకు ఇది ఊతమిచ్చింది. కానీ ఆ రూపాలు ఉన్నవారిలో చాలామందికి జబ్బు రాదు. దీని కోసం జన్యు పరీక్ష చేయించుకుని లాభం లేదు.

సైటోకైన్ల రక్తపరీక్ష చేయించమంటారా? ఇమ్యూనిటీ పెంచే మందులు వాడొచ్చా?

రెండూ వద్దు. రక్తంలోని సైటోకైన్లు గంటగంటకూ మారతాయి, మెదడులో ఏం జరుగుతోందో చెప్పలేవు. "ఇమ్యూనిటీ పెంచడం" అనే మాట ఇక్కడ అర్థం లేనిది. పైన చెప్పిన అణువుల్లో కొన్ని ఎక్కువై నష్టం చేశాయి, కొన్ని తక్కువై నష్టం చేశాయి. ఆటిజం ఉన్న బిడ్డకు సైటోకైన్లను తగ్గించే చికిత్స అంటూ ఎవరైనా డబ్బు అడిగితే, దాని వెనక రుజువు చూపమని అడగండి.

ఎలుకల్లో చూసినవి మనుషుల్లో నిజమవుతాయా?

కొన్ని అవుతాయి, కొన్ని కావు. ఎలుకల్లో కూడా అన్నీ నిలబడవు. 2012లో రెట్ సిండ్రోమ్ (జన్యు లోపం వల్ల మెదడు ఎదుగుదల దెబ్బతినే జబ్బు) ఉన్న చిట్టెలుకలకు ఎముక మజ్జ మార్పిడి చేస్తే జబ్బు నెమ్మదించిందని ఒక అధ్యయనం చెప్పింది. ఆశలు పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో. 2015లో వేరే ప్రయోగశాలలు కలిసి అదే పని జాగ్రత్తగా మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. ఒక్క వార్త చూసి ఆశపడటమో భయపడటమో చేసే ముందు, ఇంకెవరైనా చేసి చూశారా అని అడగడం అందుకే అవసరం.

మనుషుల మెదడును దగ్గరగా చూడటానికి ఇప్పుడు మూలకణాల నుంచి పెసరగింజంత మెదడు కణజాలాన్ని గిన్నెలో పెంచుతున్నారు. అది నాడీకణాలను వేసుకుంటుంది, పొరలు కట్టుకుంటుంది. మైక్రోగ్లియా మాత్రం మామూలుగా అందులో పుట్టవు, ఎందుకంటే అక్కడ పచ్చసొన సంచి లేదు. వాటిని విడిగా పెంచి, తెచ్చి కలపాల్సి వస్తోంది.